వద్దన్నవాడికి రెండు టోపీలు

బ్రాడ్‌ఫర్డ్ వలస కోర్టులో గ్లెనిస్ పని పేర్లు పిలవడం. పదిహేడేళ్లుగా అదే పని. కాస్త తీరిక దొరికితే చాలు, సంచిలోంచి ఊలు తీస్తుంది. పసుపు, ఊదా చారల టోపీలు. ఆ కోర్టులో వాటిని తప్పించుకున్న నెత్తి లేదు. వద్దన్నవాడికైతే రెండిస్తుంది, అదేం మనిషో!

ఎదురుగా మూతబడ్డ బూట్ల కొట్టు గుమ్మంలో పడుకునే టెక్లేకీ ఒకటిచ్చింది. రోజూ పొద్దున్నే అతనికో కప్పు, తనకో కప్పు టీ పట్టుకెళ్లేది. ఎరిట్రియావాడు. దేశంలో ఉండనిచ్చే కాగితం లేదు. వీధిలో పడుకునేవాళ్లకి నగర కౌన్సిల్ గదులిస్తోంది గానీ, కాగితం లేనివాడికి కాదు.

డిసెంబరులో అతని కేసు వచ్చింది.

"జుట్టు దువ్వుకో నాయనా," అంటూ లోపలికి తోసింది. పిచ్చివాడు, మర్యాదగా టోపీ తీసి బల్లమీద పెట్టాడు.

జడ్జి ఆష్‌వర్త్ చూపు దానిమీద పడింది. "అది ఎవరిచ్చారు?"

"గ్లెనిస్ అమ్మ."

"నాకూ ఇచ్చింది. రోజూ పెట్టుకుంటాను," అన్నాడు జడ్జి. "నేను ఎవరి పక్షమూ కాదని చూసేవాళ్లకీ నమ్మకం కలగాలి. ఎవరికైనా అభ్యంతరముంటే తప్పుకుంటాను. వేరే జడ్జి వింటారు, జూన్‌లో."

జూన్! చలికాలమంతా ఆ గుమ్మంలోనేనా? 'నా చేతులు పడిపోనూ!' అనుకుంది గ్లెనిస్.

టెక్లే వకీలు అభ్యంతరం లేదంది. ఇక మిగిలింది ప్రభుత్వ వకీలు థాక్రే. నవ్వడానికి కూడా రసీదు అడిగే రకం. లేచి, తోలుసంచి తెరిచి, బల్లమీద ఒక టోపీ పెట్టాడు. పక్కన ఇంకోటి.

"నేను వద్దన్నానండీ," అన్నాడు ముఖం మాడ్చుకుని. "అభ్యంతరం లేదు."

జడ్జి గట్టిగా దగ్గి నవ్వు మింగాడు. ఆ తర్వాత రెండు గంటలపాటు టెక్లేని ప్రశ్నలతో పిండేశాడు. ఒక్క తేదీ వదల్లేదు. గ్లెనిస్‌కి తిట్టాలనిపించింది.

మూడు వారాలకు తీర్పు వచ్చింది: ఉండవచ్చు. ఆ నెలాఖరుకి కౌన్సిల్ అతని చేతికో గది తాళంచెవి ఇచ్చింది.

మర్నాడు గ్లెనిస్ అలవాటుగా రెండు కప్పుల టీతో గుమ్మం దగ్గరికి వెళ్లింది. ఎవరూ లేరు. "ఓసి నా మతిమరుపూ!" అనుకుని ఆ మెట్టుమీదే కూర్చుని, ఏడుస్తూ రెండూ తాగేసింది.