గూట్లో బొమ్మలు

భోపాల్ నుంచి మైసూరుకు ఇల్లు మారుతున్నాం. సామాను లారీలో ముందే పోయింది. కారులో పిల్లలు బాగా అలిసిపోయారని దారిలో చేవెళ్లలో మా అమ్మ దగ్గర ఒకరోజు ఆగాం. మా ఆయన కారును మెకానిక్‌కు చూపించడానికి మొయినాబాద్ వెళ్లారు. నేను బట్టలు ఉతికి ఆరేసి, చిన్నవాడిని నిద్రపుచ్చి వచ్చేసరికి నాలుగేళ్ల నా కూతురు సంచిలోని బొమ్మలన్నీ తీసి గోడ గూట్లో పెట్టేసింది.

"అమ్మమ్మా, మా కొత్తిల్లు మంచిగున్నది," అంది.

"నీ ఇల్లే గద బిడ్డా," అంది మా అమ్మ మురిసిపోతూ.

కాదని చెబుదామని పక్కన కూర్చున్నాను. తన మంచం ఎక్కడ వేయాలో అది నాకు చూపించసాగింది. అది చూడకుండా ఒక బొమ్మను సంచిలో వేస్తే, తీసి మళ్లీ గూట్లోనే పెట్టింది.

"ఇగ గీ సంచి ఏం జేస్కుంటం? సజ్జ మీద పెట్టమ్మా," అంది నాతో.

సాయంత్రం ఆయన వచ్చి, "కారు మంచిగైంది. రేపు పొద్దుగాల్నే పోదాం," అన్నారు.

"ఎటు డాడీ? వచ్చేసినం గద," అంది.

ఆయన నా వైపు చూశారు. నేను బట్టలు తెస్తానంటూ పెరట్లోకి వెళ్లాను. దండెం మీద దాని గౌను ఇంకా తడిగానే ఉంది.