ఊలు బంతి ఆడిన సాయంత్రాలు

రెండో కాన్పు తర్వాత నాకు నడుము పట్టేసింది. కూర్చుంటే ఏదో ఒకటి పట్టుకోకుండా లేవలేకపోయేదాన్ని. హోసూరులో డాక్టరమ్మ రోజూ నడవమంది. మత్తిగిరిలో మా వీధి నుంచి పశువుల ఫారం కంచె దాకా కొన్నాళ్లు ఒక్కదాన్నే నడిచాను. విసుగొచ్చి మానేశాను.

పక్కింటావిడ నాకన్నా పెద్దది. మా జిల్లాలోనే ఉన్న పోచంపల్లి వైపు రైతుల ఇంటి ఆడపడుచు. కృష్ణగిరిలో చదువుకునేటప్పుడు బాల్ బ్యాడ్మింటన్ ఆడేదట. నేను నడక మానేసింది చూసి, ఒక సాయంత్రం రెండు బ్యాట్లు, పసుపుపచ్చ ఊలు బంతి పట్టుకుని వచ్చింది.

"రామ్మా, ఆడుకుందాము."

"నాకు నడుమే వంగదక్కా."

"వంగొద్దులే. నీ చేతికాడికే ఏస్తాను."

మా ఇళ్ల మధ్య ఖాళీ స్థలంలో బట్టలారేసే తాడే మాకు నెట్. కొంగు బొడ్లో దోపుకుని నిలబడ్డాను. ఎంతసేపటికీ బంతి బ్యాటుకు తగల్లేదు. చివరికి తగిలినప్పుడు పోయి వాళ్ల పెంకుల మీద కూర్చుంది. ఇద్దరం నవ్వలేక నేలమీద కూలబడ్డాం. చేతి ఊతం లేకుండానే లేచానని, లేచి నిలబడ్డాక గానీ నాకు తెలియలేదు.

ఆ తర్వాత మగవాళ్ల ఫ్యాక్టరీ బస్సు వచ్చేలోపు రోజూ ఆడేవాళ్లం. ఆ వేళ కోసం మధ్యాహ్నానికే వంటిల్లు సర్దేసుకునేదాన్ని. మా అత్తకు మొదట్లో నచ్చలేదు.

"బిడ్డల్ని కన్నోళ్లు బీదిలో ఎగిరేదేందమ్మా?" అంది.

"ఎగరకుంటే నీ కోడల్ని రేపు నువ్వే ఎత్తి కూసోబెట్టల్ల పెద్దమ్మా" అంది పక్కింటావిడ.

వారం తిరక్కుండా అత్త చంటిదాన్ని ఒళ్లో వేసుకుని గడపలో కూర్చుని, ఎవరు ఓడారో ఆవిడే చెప్పడం మొదలుపెట్టింది. పాలు పోసే ఆమె కూడా క్యాను దించి, "నాకూ ఒకతూరి ఇయ్యండమ్మా" అనేది. మా ఇద్దరికన్నా గట్టిగా కొట్టేది.

రెండేళ్లయినా గడిచాయో లేదో, పక్కింటావిడ భర్తకు సేలంలో వేరే ఉద్యోగం దొరికింది. సామాన్ల లారీ వెళ్లిపోయాక సాయంత్రమైతే చాలు, నా కాళ్లు వాకిట్లోకి లాగేవి. పిల్లలతో ఆడి చూశాను. వాళ్లకు ఎండుగడ్డిలో మిడతలు పట్టుకోవడమే ఇష్టం. కొన్నాళ్లకు ఆ స్థలంలో ఎవరో ఇల్లు కట్టుకున్నారు.

మామిడికాయల కాలంలో ఒకసారి కృష్ణగిరి బస్టాండులో ఆమె కనబడింది. చెంపలు నెరిశాయి. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఆడతా ఉండావా?" అంది.

"ఎవరితో ఆడేదక్కా? నువ్వు?"

"మిద్దెమీద గోడకేసి కొడతా ఉంటాను. గోడ నవ్వదు కదమ్మా."

ఇల్లు ఎక్కడో అడిగేలోపే సేలం బస్సు కదిలింది. ఆమె పరుగెత్తి ఎక్కింది.