అరటిపండు వాసన వచ్చిన ట్యాంకు

2011 ఎండాకాలంలో నేను నాచారం పారిశ్రామికవాడలోని ఒక బీరు కర్మాగారంలో క్వాలిటీ కంట్రోల్ మేనేజరుని. మాది తెనాలి వైపు, కాపురం బోడుప్పల్‌లో. ఇరవై ఏళ్లుగా బీరు రుచి చూడడమే నా ఉద్యోగమంటే చుట్టాలు అసూయపడేవారు. మా ఆవిడ మాత్రం కాలనీలో నన్ను కెమికల్ కంపెనీ ఉద్యోగి అని చెప్పుకునేది.

ఆ ఏడు మా బ్రూవరు, అంటే బీరు కాచే బాధ్యత ఉన్న యాదగిరి, గోధుమలతో ఘాటైన బీరు ఒక ట్యాంకు కాచాడు. యాజమాన్యానికి దాని మీద నమ్మకం లేదు. రుచి చూసే ప్యానెల్ కాదంటే ట్యాంకును ఎక్సైజు అధికారి ఎదుట కాలువలోకి వదిలేస్తారు, యాదగిరి మళ్లీ బాట్లింగ్ లైను మీదికి వెళ్తాడు. జనగామ నుంచి వచ్చి, పదేళ్లు కష్టపడి ఆ కుర్చీ ఎక్కిన మనిషి. ఆ ఉదయం నా గది ముందు నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాడు.

ప్యానెల్‌లో ఐదుగురం. ఉదయం పదకొండింటికి కూర్చుంటాం. ఆ రోజు పాన్, అత్తరు, ఆవకాయ నిషిద్ధం. గ్లాసు మీద అంకె తప్ప పేరుండదు, ఎవరూ మాట్లాడకూడదు. బీరును ఉమ్మెయ్యం, మింగుతాం. చేదు సంగతి గొంతుకే తెలుస్తుంది. ఈ నియమాలన్నీ రాసింది నేనే.

గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే మగ్గిన అరటిపండు వాసన గుప్పుమంది, వెనకాలే లవంగం. పైగా మసకగా ఉంది. మా మామూలు తేట బీరులో అరటిపండు వాసన వస్తే పులిసేటప్పుడు వేడి ఎక్కువైందని లెక్క. ముఖం చిట్లించి 'తిరస్కరించవలెను' అని రాశాను. మిగతా నలుగురూ అదే రాశారు. నా శిక్షణ ఎంత గట్టిదో అని మురిసిపోయాను కూడా.

యాదగిరి ఐదు కాగితాలూ చదివాడు. కోప్పడతాడనుకుంటే నవ్వాడు.

"సార్, ఈ బీరుకు గా వాసనే రావాలె. రాకుంటెనే ఫెయిలు. నెల కింద స్పెక్ షీట్ ఇచ్చిన గదా, సదివినట్టు సంతకం గూడ జేసిన్రు."

స్పెక్ షీటంటే ఏ బీరుకు ఏ గుణాలుండాలో రాసిన కాగితం. వెతికితే నా సొరుగులోనే దొరికింది. సంతకం నాదే, ముచ్చటగా ఉంది.

అప్పుడు ల్యాబ్‌లో పనిచేసే సుగుణ కాగితం మీద ఒక కొట్టివేత కనిపించింది. కింది అక్షరాలు ఇంకా తెలుస్తున్నాయి: 'అరటిపండు, లవంగం. మస్తుగుంది.' ఎందుకు కొట్టేశావమ్మా అని అడిగాను.

"మీ మొహం జూసిన సార్," అంది.

మిగతా ముగ్గురూ బల్లకేసి చూస్తూ కూర్చున్నారు. నాకు నిజంగా సిగ్గేసింది.

మర్నాడు అందరం స్పెక్ షీటు చదివి, గోడలవైపు తిరిగి కూర్చుని మళ్లీ రుచి చూశాం. నాకు ఆ బీరు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. అయినా ఉండవలసిన గుణాలన్నీ ఉన్నాయని రాసి సంతకం చేశాను. ట్యాంకు దక్కింది, యాదగిరి కుర్చీ కూడా.

ఈసారి ఐదు కాగితాలూ ఐదు రకాలుగా వచ్చాయి. ఒకరు లవంగం ఎక్కువైందన్నారు, ఒకరు తీపి తగ్గాలన్నారు. అన్నేళ్లుగా నేను నడిపిన ప్యానెల్‌లో ఉన్నది ఐదుగురు కాదు, నేనొక్కణ్ణేనని అప్పుడు అర్థమైంది.