రెండు వాక్యాల రిపోర్టు

పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుందనగా, జూన్ నెల మొదటి సోమవారం నాడు, కలకత్తా హెడ్డాఫీసు నుంచి నాకొక ఉత్తర్వు వచ్చింది. మా సంస్థకు ఉన్న స్కానింగ్ సెంటర్లన్నింటినీ పాత లీజు లైన్ల నుంచి తప్పించి క్లౌడ్ మీదికి మార్చాలి. ఖరగ్‌పూర్ ప్రాంతానికి బాధ్యుణ్ని నేను. అప్పటికి నా హోదా నెట్‌వర్క్ సూపర్‌వైజర్. వినడానికి ఘనంగా ఉంటుంది గానీ నా కింద ఎవరూ లేరు. నా పైన కలకత్తాలో మేనేజరు బాగ్చీ గారు ఉండేవారు. సూపర్‌వైజ్ చేసుకోవడానికి నాకు నేనొక్కణ్నే ఉన్నాను. ఆ పని కూడా సరిగ్గా చేయలేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా పని తెలియని వారి కోసం నాలుగు మాటలు. సెంటర్‌లో మనిషికి స్కాన్ తీస్తారు. ఆ బొమ్మలు కలకత్తాలో కూర్చున్న డాక్టరుకు చేరాలి. ఆయన చూసి రిపోర్టు రాస్తే అది తిరిగి సెంటరుకు రావాలి. ఇంతకాలం దీనికోసం టెలిఫోన్ కంపెనీ దగ్గర ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క సొంత లైను అద్దెకు తీసుకునేవాళ్లం. కొత్త పద్ధతిలో ఆ లైన్లు ఉండవు. ప్రతి సెంటరూ మామూలు ఇంటర్నెట్ మీదుగానే తాళం వేసిన దారి ఒకటి వేసుకుని, దగ్గర్లో ఉన్న క్లౌడ్ కంపెనీ ద్వారం దాకా వెళుతుంది. అక్కడి నుంచి కలకత్తా దాకా ఆ కంపెనీ సొంత మహా లైను మీద ప్రయాణం. ఇంటి నుంచి స్టేషన్ దాకా టోటో అనే బ్యాటరీ రిక్షాలో వెళ్లి, అక్కడ మెయిలు బండి ఎక్కినట్టు. ఆ తాళం వేసిన దారిని మేము టన్నెల్ అంటాం. ఒకటి పడిపోతే పని ఆగకుండా ప్రతి సెంటరుకూ రెండు టన్నెళ్లు ఇస్తారు. మొదటిది రోజూ నడిచేది, రెండోది స్టాండ్‌బై.

ఇందులో ఒక కిటుకు ఉంది. డేటా మొత్తం ఒక్కసారే పోదు, ముక్కలు ముక్కలుగా పోతుంది. టన్నెల్‌లోకి వెళ్లేటప్పుడు ప్రతి ముక్కకూ పైన ఇంకో కవరు తొడుగుతారు. దాంతో సైజు పెరుగుతుంది. దారిలో పట్టనంత పెద్దదైతే ఆ ముక్క అక్కడే పోతుంది. అందుకని ముక్కల్ని ముందే కాస్త చిన్నవిగా చేయమని రౌటర్‌లో ఒక లైను రాయాలి. ఆ లైను నేను మొదటి టన్నెల్‌కు రాశాను. రెండోదానికి రాయలేదు. మరిచిపోయాను, అంతే. "ముక్క పెద్దదైంది" అని దారిలోంచి తిరిగి రావలసిన హెచ్చరికను కూడా నా ఫైర్‌వాల్, అంటే వచ్చేపోయేవాటికి కాపలా కాసే ఏర్పాటు, ఆపేసేది. భద్రత కోసమని ఏనాడో నేనే పెట్టిన నియమం అది.

మరి పరీక్షించలేదా అంటే, పరీక్షించాను. పింగ్ అని ఒకటుంటుంది. చిన్న ముక్కను అవతలికి పంపి, తిరిగి వచ్చిందో లేదో చూడడం. రెండు టన్నెళ్లలోనూ చక్కగా వెళ్లి వచ్చింది. అంత చిన్న ముక్క ఎక్కడైనా పడుతుంది, బొమ్మల ఫైలు సంగతే వేరు. మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఖాళీ వ్యాగన్ లాగి చూసి బ్రేకు బాగుందని సంతకం పెట్టేవాళ్లను ఆయన మనుషుల్లోనే జమకట్టేవాడు కాదు. ఆయన కడుపున పుట్టిన నేను సరిగ్గా అదే చేసి, రిజిస్టర్లో "రెండు టన్నెళ్లూ పరీక్షించడమైనది, సవ్యం" అని రాసి సంతకం పెట్టాను.

మొదట మార్చింది మా ఊళ్లోనే ఉన్న ఝపటాపూర్ సెంటరును. అక్కడ స్కాన్ మిషను మీద టెక్నీషియన్ ఎస్తేరు. వాళ్ల నాన్నా మా నాన్నా వర్క్‌షాపులో ఒకే విభాగంలో పనిచేశారు. రెండు కుటుంబాలూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవే, ఒకే తెలుగు చర్చికి వెళ్లేవాళ్లమే. చిన్నప్పటి నుంచీ నన్ను బాబాయ్ అనే పిలుస్తుంది. ఆ ఉద్యోగానికి ఆమె దరఖాస్తును ఆఫీసులో ఇచ్చింది కూడా నేనే. రెండేళ్ల కాంట్రాక్టు మీద చేరింది. ఆ సెప్టెంబరులో పర్మనెంటు కావాలి. తల్లినీ ఇద్దరు పిల్లల్నీ ఆమె ఒక్కతే చూసుకుంటోంది.

జూలైలో ఫైళ్లు ఆగిపోవడం మొదలైంది. రోజూ కాదు. నాలుగు రోజులు బాగా పోయేవి, ఒక రోజు మధ్యలో బిగుసుకుపోయేవి. ఎస్తేరు ఫోను చేసేది. నేను కుర్చీలోంచి లేవకుండానే పింగ్ కొట్టి, "లైను బాగానే ఉందమ్మా, నువ్వు పంపడంలోనే ఏదో ఉంది" అనేవాణ్ని. నేనుండేది సుభాష్‌పల్లిలో. అక్కడి నుంచి ఝపటాపూర్‌కు సైకిల్ మీద పదిహేను నిమిషాలు. ఒక్కసారి కూడా వెళ్లలేదు.

ఎందుకు వెళ్లలేదో చెప్పాలి. అదే ఇందులో సిగ్గుచేటైన భాగం. ఈ ఊళ్లో మన తెలుగువాళ్ల మీద ఒక మాట పాతుకుపోయి ఉంది. ఒకడు చేరితే వెనకాలే పదిమంది చుట్టాల్ని లాక్కొస్తాడని. బాగ్చీ గారు ఒకరోజు ఫోన్లో నవ్వుతూనే అన్నారు, "ఆ ఝపటాపూర్ అమ్మాయి మీ వాళ్లే కదా దాదా" అని. ఇక్కడ దాదా అంటే అన్నయ్య. ఆయన మామూలుగానే అని ఉంటారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. నా సర్వీసు మొత్తంలో పక్షపాతం అనిపించుకోలేదని నాకు మహా గర్వం. ఆ రోజు నుంచి ఎస్తేరు ఫోను చేస్తే మరింత బిగుసుకుని మాట్లాడడం మొదలుపెట్టాను. అది నిజాయితీ అనుకున్నాను, నా మొహం!

ఒక ఆదివారం సాయంత్రం ఆమె మా ఇంటికే వచ్చింది. చేతిలో నోటు పుస్తకం. గుమ్మంలోనే నిలబడి, "బాబాయ్, ఏయే రోజుల్లో ఆగిపోనాదో టైముతో సహా రాసినాను. ఓపాలి సూడండి. రోజులు సూస్తే మీకేటైనా తెలుస్తాదేమో" అంది.

నేను ఆ పుస్తకం అందుకోలేదు. "ఆఫీసు సంగతి ఆఫీసులోనే సెప్పాలమ్మా. ఇంటికొచ్చి సెప్తే రేపు నలుగురూ ఏటనుకుంటారు?" అన్నాను. ఆమె వెళ్లొస్తానని వెళ్లిపోయింది. లోపలి నుంచి అంతా విన్న మా ఆవిడ నన్ను దులిపేసింది. "ఏటండీ, ఇంటికొచ్చిన పిల్లకి మంచినీళ్లయినా ఇయ్యకుండా పంపిసినారు! అంత పెద్ద ఆఫీసరైపోనారా?" నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను.

ఆ తర్వాతి వారంలోనే తలకు దెబ్బ తగిలిన ఒక పెద్దాయన స్కాన్ కలకత్తా చేరకుండా ఆగిపోయింది. రిపోర్టు మర్నాటికి గానీ రాలేదు. ఈలోగా ఆయన బంధువులు సెంటర్లో నానా గొడవా చేసి ఆయన్ని వేరే చోటికి తీసుకుపోయారు. ఆయనకు ప్రాణాపాయమేమీ కలగలేదని తర్వాత తెలిసింది. హెడ్డాఫీసు మాత్రం ఊరుకోలేదు. తప్పు లైనుదా మనిషిదా తేల్చి రాతపూర్వకంగా రిపోర్టు ఇవ్వమని బాగ్చీ గారు నన్ను అడిగారు. రెండు వాక్యాలు రాశాను: "నెట్‌వర్క్‌లో ఎటువంటి లోపమూ లేదు. ఆలస్యానికి కారణం పంపే చోట టెక్నీషియన్ పొరపాటు." ఆ వాక్యాల మీద ఎస్తేరును గడువుకు ముందే పనిలోంచి తప్పించారు, కాంట్రాక్టును పొడిగించలేదు. ఆమె ఊళ్లో ఒక నర్సింగ్ హోమ్‌లో టోకెన్లు ఇచ్చే కౌంటర్లో చేరింది. మిషను ముట్టుకునే పని ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. వెళ్లినచోటల్లా పాత చోట ఎందుకు తీసేశారని అడుగుతారు కదా.

ఆగస్టులో మిద్నాపూర్ సెంటరును మార్చాను. ఝపటాపూర్ సెట్టింగులనే నకలు తీసి పెట్టాను. పది రోజులకు అక్కడి ఆపరేటరు, ఒక సీనియర్ బెంగాలీ ఆయన, ఫైలు ఆగిపోయిందని ఫోను చేశాడు. నేను వెంటనే లోకల్ బండి పట్టుకుని వెళ్లి ఆయన కుర్చీలో కూర్చున్నాను. గమనించారా? పరాయివాడు పిలిస్తే బండెక్కి పరుగెత్తాను.

అక్కడ అరగంటలో తేలిపోయింది. ఆ పూట క్లౌడ్ కంపెనీ వాళ్లు మరమ్మత్తు కోసం మొదటి టన్నెల్‌ను ఆపారు. అంతా రెండోదాని మీద నడుస్తోంది. పింగ్ పలుకుతోంది, ఫైలు కదలడం లేదు. సెట్టింగులు తెరిచి చూస్తే ఆ ఒక్క లైను లేదు. అక్కడ కూర్చునే ఝపటాపూర్ రౌటర్లోకి వెళ్లి, మొదటి టన్నెల్ ఎప్పుడెప్పుడు ఆగిందో చూశాను. పెద్దాయన స్కాన్ ఆగిన రోజు అందులో ఉంది. ఎస్తేరు నాకు ఫోను చేసిన రోజులు నాకు గుర్తున్నంతవరకు అన్నీ ఉన్నాయి. ఆ నోటు పుస్తకం అందుకుని ఉంటే పది నిమిషాల పని.

రెండు సెంటర్లలోనూ ఆ లైను రాశాను. రిజిస్టర్లో మాత్రం "సాధారణ నిర్వహణ" అని నమోదు చేశాను. మా భాషలో దానర్థం, చెప్పుకోదగ్గదేమీ లేదని. బాగ్చీ గారికి చెప్పాలని రెండుసార్లు ఫోను తీసి పెట్టేశాను. ఒక్క తప్పుతో సర్వీసంతా మచ్చపడుతుందేమోనని భయం. ఎస్తేరుకు ఎలాగూ వేరే ఉద్యోగం దొరికింది కదా అని మనసుకు నచ్చజెప్పుకున్నాను. నచ్చజెప్పడానికి నా మనసు పెద్దగా పేచీ కూడా పెట్టలేదు.

అప్పట్లో నేను చర్చిలో డీకన్‌ని, అంటే సంఘం పనులు చూసే సేవకుణ్ని. నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే క్రీస్తు చివరి భోజనాన్ని తలచుకుంటూ అందరూ రొట్టె పంచుకోవడం, ఉంటుంది. రొట్టె పళ్ళెం వరసల మధ్యకు మోసుకెళ్లి అందించేది మేమే. ఎవరి మీదైనా మనసులో కోపం ఉంటే ముందు దాన్ని సరిచేసుకుని ఆ తర్వాతే బల్లలో చేరాలని మా పెద్దలు నేర్పారు. సెప్టెంబరు నుంచి ఎస్తేరు రొట్టె తీసుకోవడం మానేసింది. పళ్ళెం వస్తే ముట్టుకోకుండా పక్కావిడకు అందించేది. ఒక సభ్యురాలు అలా నెలల తరబడి మానేస్తే, కారణం కనుక్కోవడానికి సంఘం ఒక డీకన్‌ని ఇంటికి పంపుతుంది. ఏప్రిల్ నెలలో పాస్టరు గారు ఆ పని నాకు అప్పగించారు. మీ కుటుంబాలు ముందు నుంచీ దగ్గర కదా, మీకైతే చెబుతుందని. ఒప్పుకున్నాను.

ఝపటాపూర్‌లో వాళ్ల ఇంటికి సైకిల్ మీదే వెళ్లాను. ఎస్తేరు కుర్చీ వేసింది, మంచినీళ్లు ఇచ్చింది. తను నిలబడే ఉంది.

"సంఘం పంపితే వొచ్చినారా, మీ అంతట మీరొచ్చినారా బాబాయ్?" అని అడిగింది.

సంఘమే పంపిందని చెప్పాను.

"అయితే సెప్తాను, ఎల్లి సెప్పండి. ఆగస్టు నుంచి అక్కడ ఒక్క ఫైలూ ఆగనేదంట. ఆ సెంటర్ కౌంటర్లో ఉండే దీదీ సెప్పినాది. ఎవులు బాగుసేసినారో నాకు తెల్దా? ఇయ్యాళ వొస్తారు, రేపొచ్చి ఒక్క మాట సెప్తారని సూసినాను. మీరు రానేదు. మీ మీద ఇంత కోపం కడుపులో పెట్టుకుని నేను రొట్టె ఎలగ ముట్టుకుంతాను?"

ఆమె గొంతు పెంచలేదు. అడగవలసిన మాట మాత్రం అడిగింది.

"ఎనిమిది నెల్లు నేను మానీసినాను. మీరు నెల నెలా తీసుకుంతనే ఉన్నారు కదా బాబాయ్. మీకేటీ అనిపించనేదా?"

సిగ్గుతో చచ్చిపోయాను. అనిపించలేదని చెబితే అబద్ధం, అనిపించిందని చెబితే మరీ అన్యాయం. "తప్పు నాదేనమ్మా, తెలిసీ దాసినాను" అన్నాను. "ఆ ముక్క నాకు కాదు, కలకత్తాకి రాయండి" అంది.

ఆ రాత ఆ రోజే రాశాను. రెండో టన్నెల్‌లో ఏ లైను లేదో, ఎందుకు లేదో, అది నాకు ఏ రోజున తెలిసిందో, రిజిస్టర్లో దాన్ని ఏ పేరుతో నమోదు చేశానో, మొదటి రిపోర్టు తప్పని, అన్నీ రాసి బాగ్చీ గారికి పంపి, నకలు ఎస్తేరుకిచ్చాను. పాస్టరు గారికి చెప్పి డీకన్ పదవి వదులుకున్నాను. హెడ్డాఫీసు నాకు మందలింపు పత్రం ఇచ్చింది. ఎస్తేరు ఫైల్లోంచి ఆ రెండు వాక్యాలూ తొలగించి, ఆమె పనిలో లోపం లేదని పత్రం రాసిచ్చింది. పాత ఉద్యోగంలో మాత్రం అప్పటికే వేరే మనిషి చేరిపోయాడు. ఆ పత్రం పట్టుకుని తిరిగితే కొన్ని నెలలకు మరో ఊళ్లో మళ్లీ స్కాన్ మిషను మీద పని దొరికింది. రోజూ లోకల్లో పోయి వస్తోంది. మా ఇంటికి రాదు. ఎక్కడైనా కనిపిస్తే పలకరిస్తుంది.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది కొంచెమే. స్టాండ్‌బై దారిని అసలు దారి ఆపి, నిజమైన బరువు పెట్టి పరీక్షించాలి. ఫిర్యాదు వచ్చినప్పుడు ఫిర్యాదు చేసినవారి కుర్చీలో కూర్చుని చూడాలి, వాళ్లు మనవాళ్లయినా సరే. తప్పు తెలిసిన రోజునే దాని అసలు పేరుతో రాయాలి. మిగిలిన సర్వీసులో నేను ఏ రిపోర్టులోనూ "లోపం లేదు" అని రాయలేదు. "నేను చూసినంతవరకు లోపం కనబడలేదు" అని రాసేవాణ్ని. ఎస్తేరు విషయంలో ఆ వాక్యం రాసినా అబద్ధమే అయ్యేది. నేను అసలు చూడనే లేదు.