ఆషాఢంలో దొరికిన గది

ఇలా దగ్గరికి జరగండి. గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చున్నా ఫర్వాలేదు. చేతిలో పనేదైనా ఉంటే చేసుకుంటూనే వినండి. ఢిల్లీలో మేము ఒక గది కోసం తిరిగిన సంగతి ఇది. తిరిగి ఎన్నేళ్ళయినా, మెట్లు చూస్తే నాకిప్పటికీ నీరసం వస్తుంది.

ఆయన కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో చిన్న గుమాస్తా. సర్కారు క్వార్టర్‌కు దరఖాస్తు పెట్టి అప్పటికి ఆరేళ్ళయింది. జాబితాలో మన వంతు ఎక్కడుందో చూసి రండి అని నేను పోరితే, వెళ్ళి చూసి వచ్చి, "పెద్దదాని పెళ్ళి నాటికి వస్తుందిలే" అనేవారు. పెద్దదానికి అప్పుడు ఏడేళ్ళు. చిన్నదానికి మూడు. మునీర్కాలో ఒక మేడ మీద ఒంటి గదిలో ఉండేవాళ్ళం. గోడకు అవతల ఎవరు దగ్గినా మాకు తెలిసేది, మేము పోట్లాడుకుంటే వాళ్ళకు తెలిసేది. అయినా అద్దె తక్కువ, ఆఫీసుకు ఒక్క బస్సు. అంతకంటే ఏం కావాలి?

వైశాఖంలో ఒకనాడు ఇంటాయన మెట్లెక్కి వచ్చాడు. పైన ఇంకో అంతస్తు వేస్తున్నాను, ఈ గోడలు తీసేయాలి, వానలు మొదలయ్యాక ఒక నెల చూస్తాను, తర్వాత ఖాళీ చేయండి అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కోపంగా అంటే బతిమాలడానికి కాస్త సందు ఉండేది.

ఆ పూట అన్నం తింటూ ఆయన కంచంలోకి చూస్తూనే చెప్పారు.

"ఈలోపు గది దొరక్కపోతే మిమ్మల్ని ముగ్గుర్నీ ఊరు పంపించేస్తానే. నేను ఆఫీసు కుర్రాళ్ళ గదిలో ఓ మంచం వేసుకుంటా. క్వార్టర్ వచ్చాక పిలిపిస్తా."

"వచ్చాక అంటే ఎప్పుడండీ?"

"వచ్చాక అంటే వచ్చాకే."

అలా పంపించిన ఇల్లు ఒకటి నాకు తెలుసు. మా కింది వాటాలో ఉన్న తెలుగావిడను "ఆర్నెల్లే" అని రైలెక్కించారు. నాలుగేళ్ళయినా ఆవిడ తిరిగి రాలేదు. ఆవిడ భర్త సెలవుకు వెళితే చిన్నపిల్ల తల్లి కొంగు చాటున నక్కి "ఎవరమ్మా ఈయన" అందట. ఆ మాట ఆయనే మా గడపలో నిలబడి నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు నేను చూడలేకపోయాను. అందుకని మా ఆయనతో చెప్పాను: నేను వెళ్ళను, ఎంత దూరమైనా తిరుగుదాం, పదండి అని.

ఇక ప్రతి ఆదివారం అదే పని. పొద్దున్నే పిల్లలకు ఇంత అన్నం పెట్టి, సీసాలో నీళ్ళు పోసుకుని బయల్దేరడం. జ్యేష్ఠ మాసపు వడగాలి, ఊపిరి పీలిస్తే ముక్కు మండేది. ఒక గది పిండిమర పక్కన ఉంది. గోడలు, నేల, కిటికీ ఊచలు అన్నీ తెల్లగా పిండి పట్టి ఉన్నాయి. ఇంకొకటి మూడో అంతస్తు, మరుగుదొడ్డి మాత్రం కింద, అదీ పదకొండు మందికి ఒకటి. ఒకటి నిజంగా బాగుంది. గాలి, వెలుతురు, వంటకు వేరే చోటు. అద్దె విన్నాక ఆయన చెప్పులు వేసుకున్నారు. నెల జీతం మొత్తం ఇచ్చేసి గాలీ వెలుతురూ తిని బతకాలి.

చవకగా ఉన్నచోట ప్రశ్నలు ఎక్కువ. ముందు "మద్రాసీ హో?" అనేవారు. ఆయన "నహీఁ జీ, ఆంధ్రా" అంటే "ఏక్ హీ బాత్ హై", రెండూ ఒకటే అని తేల్చేసేవారు. మద్రాసు నేను ఇప్పటికీ చూడలేదు. తర్వాత, ఎంతమంది, చుట్టాలొస్తారా, రోజుకు ఎన్ని బకెట్ల నీళ్ళు, మాంసం తింటారా. తినం అని చెప్పాలని ఇంట్లో అనుకునే వెళ్ళేవాళ్ళం. ఒకచోట ఇల్లుగలావిడ మమ్మల్ని అడగలేదు. మా పెద్దదాన్ని దగ్గరికి తీసుకుని, బుగ్గ నిమిరి, "బేటా, ఘర్ మే మఛ్లీ బన్తీ హై?" అంది, ఇంట్లో చేపలు వండుతారా అని.

పిల్ల కళ్ళు మెరిశాయి. "హాఁ ఆంటీ! సండే కో. బహుత్ అచ్ఛీ!"

దిగి వస్తూ ఆయన పిల్ల మీద విసుక్కోబోయి నవ్వేశారు. "నిజం చెప్పే పిల్లను వెంటబెట్టుకుని ఢిల్లీలో ఇల్లు దొరుకుతుందటే?"

"మై క్యా ఝూట్ బోలూఁ?" అంది పిల్ల, అబద్ధమాడనా అన్నట్టు. దానికి మా మాట అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది.

ఆషాఢం రెండో ఆదివారం పాలం వైపు వెళ్ళాం. కంటోన్మెంటులో ఉండే ఒక సిపాయి భార్య, మన తెలుగావిడే, అక్కడ గది ఉందని చెప్పింది. ధౌలా కువాన్ దగ్గర బస్సు మారాలి. రెండో బస్సులో నిలబడి నిలబడి, దిగేసరికి చిన్నది నా భుజం మీద నిద్రపోయింది. సందు చివర ఇల్లు. కింద ఒక గది. వంటకు కిటికీ పక్కనే రాతి బల్ల, వాకిట్లో కుళాయి. ఎక్కడా మెట్లెక్కే పని లేదు. అద్దె ఆయన జీతంలో మూడో వంతుకు లోపే. దీన్ని కూడా ఎవరో లాక్కుంటారనిపించింది.

ఇల్లుగలావిడ నాకంటే ఓ పదిహేనేళ్ళు పెద్దది, పొడుగు మనిషి. భర్త రైల్వేలో పని, నెలలో సగం రోజులు ఊళ్ళోనే ఉండడు. మాంసం సంగతి ఆవిడ అడిగేలోపే నేను చెప్పేశాను, తింటాం అని. దాచే ఓపిక లేదిక. ఆవిడ నన్నోసారి పైనుంచి కిందికి చూసి, "కిటికీ తెరిచి వండుకో. మా ఆయన ముందు మాత్రం ఆ మాట ఎత్తకు" అంది.

"ఎప్పుడు దిగుతారు?"

ఆయన "వచ్చే ఆదివారమే" అన్నారు. నేను వెనకనుంచి చొక్కా లాగాను.

"ఆషాఢం కదండీ."

"అద్దె గదే! మనం కట్టించిన మేడా?"

"పాలు పొంగించేది ఎక్కడైనా ఒకటేనండీ. మునీర్కా గదిలోకి మూఢంలో దిగాం. ఏమైంది?"

ఆ గదిలో దిగిన ఏడాదే నాకు నాలుగో నెలలో కడుపు పోయింది. అది మూఢం వల్లేనని ఎవరూ అనలేదు, నేనే అనుకున్నాను. అనుకున్నాక పోదు కదా.

నా వచ్చీరాని హిందీ చాలదని పెద్దదాని చేత చెప్పించాను. ఈ నెల మేము కొత్త ఇంట్లో దిగం ఆంటీ, సావన్ రాగానే వస్తాం అని. మన శ్రావణాన్నే వాళ్ళు సావన్ అంటారు. ఆవిడ ముఖం విచ్చుకుంది. "బహుత్ అచ్ఛా! నెల చూసుకుని వచ్చేవాళ్ళంటే ఇంటిని ఇల్లుగా చూసుకునేవాళ్ళే. సావన్ లగ్‌తే హీ ఆ జానా," సావన్ పుట్టగానే వచ్చేయమంది. ఆయన బయానా ఇచ్చారు. దేశం కాని దేశంలో నాలాగే తిథీ మాసం చూసుకునే మనిషి దొరికిందని దారంతా సంబరపడ్డాను. బస్సులో సీటు కూడా దొరికింది ఆ రోజు.

మళ్ళీ పాలం వెళ్ళి చూసి రాలేదు. చిన్నదానికి జ్వరం పట్టుకుని పది రోజులు వదల్లేదు. ఆవిడకు మా ఇల్లు తెలియదు, మాకు ఫోను లేదు. బయానా ఇచ్చాం కదా అన్న ధైర్యం. మునీర్కా ఇంటాయన ఇటుకలు దింపించాడు. తాపీ పనివాళ్ళు వచ్చి మా గది బయట గోడ కొట్టడం మొదలెట్టారు. అన్నంలో సున్నం రాలేది. ఊరినుంచి వచ్చిన పంచాంగం తీసి, అమావాస్య వెళ్ళిన మూడో నాడు, తదియ, దివ్యంగా ఉందని పెట్టుకున్నాను. ఆయన సెలవు పెట్టారు. టెంపో మాట్లాడుకుని, ట్రంకుపెట్టె, రోలు, పరుపుచుట్టలు, గిన్నెల మూట వేసుకుని వానలో బయల్దేరాం. మేము మెట్లు దిగగానే తాపీవాళ్ళు మా గది తలుపు ఊడదీశారు. అది నా కళ్ళారా చూశాను.

పాలం సందులో ఏదో పండగ వాతావరణం. చూరుకు ఉయ్యాల కట్టి ఆడపిల్లలు ఊగుతున్నారు. ఆడవాళ్ళందరికీ చేతులనిండా ఆకుపచ్చ గాజులు. గేటు దగ్గర దిగి చూస్తే, మా గది కిటికీలో పసిబిడ్డ లంగోటాలు ఆరేసి ఉన్నాయి. లోపల కుక్కరు కూత పెట్టింది.

ఇల్లుగలావిడ బయటికొచ్చింది. అరచేతులు గోరింటాకుతో ఎర్రగా పండి ఉన్నాయి.

"ఇప్పుడా బేటీ రావడం?" అంది. "సావన్ లగ్‌తే హీ అన్నావు. మూడు రోజులు చూశాను. ఐదు రోజులు చూశాను. ఆ తర్వాత వీళ్ళు పసిబిడ్డతో వచ్చారు, ఇచ్చేశాను. సగం సావన్ అయిపోయింది!"

"సావన్ మొన్ననే కదా ఆంటీ వచ్చింది?"

ఆవిడ నన్ను మతిపోయినదాన్ని చూసినట్టు చూసింది. "మొన్ననా? రెండు సోమవారాలు ఉపవాసం చేసేశాను నేను! ఇవాళ తీజ్ పండగ!" లోపలికి వెళ్ళి మేకునుంచి క్యాలెండరు తీసుకొచ్చింది. నేను మూట విప్పి పంచాంగం తీశాను. వానలో చూరు కింద ఇద్దరం ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాం. పున్నమి వెళ్ళిన మర్నాడే వాళ్ళకు నెల మారిపోయింది. మనకు అమావాస్య దాటితే గానీ మారదు. ఆకాశంలో చంద్రుడొక్కడే, మధ్యలో పదిహేను రోజులు నేను పోగొట్టుకున్నాను. ఆరేళ్ళకు పైగా ఆ ఊళ్ళో బతుకుతూ ఆ ముక్క నాకు తెలియదు. మా గదిలో మా క్యాలెండరే ఉండేది మరి.

ఆవిడ బయానా తెచ్చి ఆయన చేతిలో పెట్టేసింది. ఆయన గేటు దగ్గర దింపిన ట్రంకుపెట్టె మీద కూర్చున్నారు. తలమీద వాన పడుతున్నా లేవలేదు.

"తిట్టండి. నాదే తప్పు" అన్నాను.

"తిట్టే ఓపిక లేదే" అన్నారు. కాసేపటికి టెంపో అతనితో "స్టేషన్ చలో" అన్నారు.

టెంపో అతను విసుక్కున్నాడు. "భయ్యా, సామాను దింపుతారా, ఎక్కిస్తారా? ఏదో ఒకటి చెప్పండి. నాకింకో ట్రిప్పుంది."

నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. "ఆంటీ, ఏదో ఒక మూల. పశువుల పాకైనా సరే." ఆవిడ తల అడ్డంగా ఊపుతూ లోపలికి వెళ్ళిపోయింది. అయిపోయిందనుకున్నాను. మళ్ళీ వచ్చింది, చేతిలో పళ్ళెం. తీజ్ మిఠాయి, తేనెతుట్టెలాగా కన్నాలు కన్నాలుగా ఉంటుంది. పిల్లలిద్దరికీ చెరో ముక్క పెట్టింది. నా నుదుటి బొట్టు వానకు కారిపోయి ఉంటే తన కొంగుతో తుడిచింది.

"తీజ్ నాడు ముత్తైదువ ఏడుస్తూ నా గేటు దాటి వెళితే నాకు కలిసొస్తుందా?" అంది, కాస్త కోపంగానే. "మేడ మీద ఒకటుంది. చూస్తే నువ్వే వద్దంటావు."

ఎక్కి చూశాం. పూత లేని ఇటుక గోడలు, పైన సిమెంటు రేకు, తలుపు లేదు. సగం దాకా పిడకలు పేర్చి ఉన్నాయి. నీళ్ళు కిందినుంచి మోసుకోవాలి. అద్దె నూరు రూపాయలు తగ్గిస్తానంది, అంతే.

ఆయన నన్ను పక్కకు పిలిచారు. "వద్దే. దీంట్లోనా? ఇప్పుడే జ్వరం తగ్గిన పిల్ల. ఊరెళ్ళండి, నా మాట విను."

"తలుపు లేకపోతే దుప్పటి కట్టుకుంటానండీ. మీరు లేకపోతే ఏం కట్టుకోను?"

ఆయన నా మొహం చూడలేదు. మెట్లు దిగి వెళ్ళి ట్రంకుపెట్టె ఒక చెవి పట్టుకున్నారు. రెండో చెవి టెంపో అతను పట్టాడు, గొణుక్కుంటూనే.

పిడకలన్నీ మూలకు సర్ది, ఊడ్చి, తుడిచి, కిరసనాయిలు స్టవ్వు ముట్టించేసరికి పొద్దు బాగా వాలింది. నేను పెట్టిన ముహూర్తం ఎప్పుడో దాటిపోయింది, వర్జ్యం నడుస్తోంది. ఎవరికీ చెప్పలేదు. ఆంటీ పంపిన గిన్నెడు పాలు పొయ్యి మీద పెట్టాను. పిల్లలిద్దరూ వంగి చూస్తున్నారు. రేకు మీద వాన ఎంత మోతగా పడుతుందంటే, పాలు పొంగాయని పెద్దది అరిచినా నాకు వినపడలేదు, చెయ్యి పట్టుకుని గుంజింది.

నాలుగేళ్ళు ఉన్నాం అక్కడ. తలుపు రెండు నెలలకు వచ్చింది, గోడకు పూత మాత్రం రానేలేదు. రోజుకు పద్నాలుగు బకెట్లు పైకి మోశాం, ఆఫీసుకు వెళ్ళేముందు ఆయన ఏడు, ఆయన వెళ్ళాక నేను ఏడు. చలికాలం ఇటుకల సందుల్లో పాత చీరలు కుక్కాను. ఎండాకాలం ఆ రేకు కింద ఎలా ఉన్నామో చెప్పను, మీరు బాధపడతారు. ఎన్నోసార్లు అనిపించింది, ఊరెళ్ళిపోయినా బాగుండేదేమోనని. అబద్ధం ఎందుకు?

కానీ ఆ మొదటి సాయంత్రం, ఆయన రెండు బకెట్లు మోసుకొచ్చి దించి, గోడకు వీపు ఆనించి కూర్చుని, "అన్నం ఉందా?" అన్నారు.

"ఉంది. కందిపొడీ నెయ్యీ."

"చాలు" అన్నారు. రేకు కారని చోటు చూసుకుని నలుగురం ఒకరికొకరం ఒరుసుకుని కూర్చున్నాం. చిన్నది ఆయన ఒళ్ళో ఎక్కి ఆయన కంచంలోనే తింది.

ఇంతసేపు ఓపికగా విన్నారు. మిమ్మల్ని ఏ ఇంటాయనా లేచి వెళ్ళమనకుండు గాక. మీ ఇంట్లో ఎంతమంది ఉన్నారో అంతమందీ ఒకే కప్పు కింద, ఒకే పూట, కడుపునిండా తిందురు గాక.