గుండును గుర్తుపట్టని మిషను

చంద్రగిరి దారిలో ఉన్న ఒక చిన్న బడికి నేను హెడ్‌మిస్ట్రెస్‌ని. హాజరు పుస్తకంలో ఎవరికి ఎవరు సంతకం పెడుతున్నారో కనిపెట్టలేక విసిగిపోయి, నిరుడు గేటు దగ్గర ముఖం చూసి హాజరు వేసే మిషను పెట్టించాను. దాని కింద నియమం కూడా నేనే రాసి అంటించాను: 'మిషను గుర్తించనివారు ఆ రోజు గైర్హాజరు. సిఫార్సులు చెల్లవు.' ఎంత న్యాయంగా ఉందో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. మిషనుకు చుట్టరికాలుండవు కదా!

చిన్నపిల్లల బాగోగులు చూసే మా ఆయమ్మది తాత్కాలిక ఉద్యోగం. ఏడాదిపాటు ఒక్క నాగా లేకుండా వస్తే పర్మనెంట్ చేస్తామని కమిటీ మాటిచ్చింది. ఇంక నాలుగు రోజులే మిగిలాయి. కూతురికి సుఖంగా కాన్పయిందని మొక్కు తీర్చుకోవడానికి కూడా ఆమె సెలవు పెట్టలేదు. ఆదివారం పొద్దున్నే తిరుమల బస్సెక్కి సాయంత్రానికి దిగివచ్చింది.

సోమవారం గుండుతో, దాని నిండా గంధంతో మిషను ముందు నిలబడింది. 'గుర్తించలేదు' అంది మిషను. చెంగు కప్పుకుంది. నవ్వి చూసింది. మళ్లీ అదే మాట.

"సూడండి మేడం, నేను నేను కాదంట!" అంటూ నా దగ్గరికొచ్చింది. నవ్వుతూనే, మిగిలిన రోజులు గుర్తుచేస్తూ నాలుగు వేళ్లు చూపించింది.

వారానికి నలుగురైనా గుండుతో ఎదురయ్యే ఊళ్లు మావి. మా నాయన గుండు చూడకుండా నాకు ఒక్క ఎండాకాలమూ గడవలేదు. అలాంటిదాన్ని, ఆ సంగతే తట్టకుండా మిషను కొన్నాను. పైగా, "రూలు రూలే కదా ఆయమ్మా, కంపెనీవాళ్లను అడుగుతాలే" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

"వాళ్లు యాడో ఉండారు. దినామూ నన్ను సూసేది మీరు గదా మేడం" అంది.

నేను నోరు తెరిచేలోపే ఒకటో తరగతి పిల్లలు ఆమెను చూశారు. "ఆయమ్మ గుండు! ఆయమ్మ గుండు!" అంటూ తరగతి తరగతంతా పరిగెత్తుకొచ్చి చుట్టేసింది. గుండు నిమరడానికి వరస కట్టారు. ఆమె వంగి తల అప్పగించింది. ఈమె ఎవరని ఒక్కరూ అడగలేదు. టీచర్లమంతా కడుపుబ్బ నవ్వాం. ఎన్నాళ్లయిందో నేనంత హాయిగా నవ్వి.

గేటు దగ్గరికి పోయి నా కాగితం చించేశాను. కొత్తది రాశాను: 'మిషను కాదంటే హెడ్‌మిస్ట్రెస్ వచ్చి మనిషిని చూడాలి. చూసి తేల్చాలి. కింద సంతకం పెట్టాలి.' పాత హాజరు పుస్తకం దుమ్ము దులిపి ఆయమ్మకు హాజరు వేశాను. పక్కన కారణం రాసే గడి ఒకటుంది.

"పెద్దోళ్లు అడిగితే మీకు ఇబ్బంది మేడం. తప్పు మిషనుదని రాసేయండి, దానికేం పోతాది" అంది ఆయమ్మ.

పెన్ను మూత తీశాను. మిషను తనకు తెలియదని మాత్రమే అంది. తెలియకపోతే ఆ మనిషి రానట్టే అని రాసింది నేను.

'తప్పు నాది' అని రాసి సంతకం పెట్టాను.