సత్తెమ్మ కట్టని దారం

"ఊర్ల పిల్లలందరికి కడుతవు. మా పోరికి కట్టమంటె నీ చేతులు రావా?"

"కట్టనంటె కట్ట, లక్ష్మీదేవీ. అది పులిపిరి కాదు."

"మరేంది?"

"నాకు తెల్వది."

"తెల్వదా! తెల్వదని చెప్పనీకేనా శుక్రారం శుక్రారం కొలువు పెట్టి కూసుంటవు?"

"అత్తమ్మా, పోదాం పా, అందరు చూస్తున్నరు."

"నువ్వు నోర్మూయి ఆర్తీ. నీ మాట విని దవాఖానల కోయిస్తె ఏమాయె? కోసిన కాడనే మళ్ల మొలిచె."

పక్కనున్న మెడికల్ షాపులో స్వప్నిల్ ఫ్యాన్ ఆపేశాడు, ఇంకా బాగా వినపడుతుందని. శాంతి నగర్‌లో మిగతా ఆరు రోజులు సాంచాల, అంటే మరమగ్గాల, మోతకు పక్కవాడి తిట్టు కూడా చెవిన పడదు. శుక్రవారం సాంచాలకు ఛుట్టీ. ఆ రోజు గల్లీలో ఎవరి కొట్లాట అయినా అందరి కొట్లాటే. మధ్యలో ఉన్నది రేకుల గోడ ఒక్కటే కాబట్టి స్వప్నిల్‌కు ఒక్క మాట కూడా పోలేదు. "నాకు తెల్వది" అన్న మాట దగ్గర లోలోపల నవ్వుకున్నాడు.

ఆ మాట కోసం ఏడాది నుంచి ఎదురు చూస్తున్నాడు మరి.

సత్తెమ్మకు యాభై ఎనిమిదేళ్లు. పదహారేళ్లప్పుడు పెళ్లయి కరీంనగర్ దిక్కు నుంచి ముంబై పక్కన భివండీ వచ్చింది. అప్పటి నుంచి కార్ఖానాలో నూలు కండెలు చుడుతూనే ఉంది. బడి ముఖం చూడలేదు. పిల్లల చేతికి పులిపిరి లేస్తే దాని మొదట్లో పోగు బిగించి కడుతుంది. వారానికో పదిరోజులకో ఎండి రాలిపోతుంది. ఆమె చేసేది అంతే. ఆ అంతకే ప్రతి శుక్రవారం ఆమె ఒంటిగది ఖోలీ ముందు చెప్పుల జతలు బారు తీరుతాయి. స్వప్నిల్ వాటిని లెక్కపెడతాడు. ఆ రోజు పదకొండు.

స్వప్నిల్ ఫార్మసీ చదువు రెండో ఏడు మధ్యలో వదిలేశాడు. ఆ తర్వాత ఊరి బయట పూర్ణలో గోదాం పని మూడు నెలలు, అంజూర్ ఫాటాలో ఫ్లాట్లు చూపించే పని రెండు వారాలు. ఎక్కడా కాలు నిలవలేదు. చివరికి మామ కేశవులు తన షాపు గల్లా దగ్గర కూర్చోబెట్టాడు. పులిపిర్లకు పూసే మందు అతని వెనక అరలోనే ఉంది. ఎవరూ అడగరు. అతని దగ్గరికి జ్వరం బిళ్లకు వస్తారు, దగ్గు సీసాకు వస్తారు, చిల్లరకు వస్తారు. వేలు చాపి "ఇదేందో చూడు" అని మాత్రం పక్క గడపకే పోతారు. పుస్తకంలో బొమ్మలతో సహా చదివినవాడు ఇక్కడ ఈగలు తోలుతుంటే, కండెలు చుట్టే ముసలామె అక్కడ డాక్టరు. ఈ ఒక్క సంగతి అతనికి అన్నం సయించనిచ్చేది కాదు.

లక్ష్మీదేవి విసవిసా ముందు పోయింది. కోడలు ఆర్తి రెండేళ్ల శ్రద్ధను చంకనేసుకుని వెనక వస్తుంటే స్వప్నిల్ షాపు దిగి అడ్డంపోయాడు.

"చూపించు."

ఉంగరం వేలి చివరి కణుపు పక్కన బఠాణీ గింజంత బుడిపె. గులాబీ రంగులో నున్నగా ఉంది. పైన పాత కోత గీత. స్వప్నిల్ చూసినట్టు చేశాడు.

"పులిపిరే. ఈ మందు రాత్రి రెండు చుక్కలు పెట్టు. పది రోజుల్ల రాలిపోతది."

"పక్కా తెలుసా అన్నా?"

"ఆమెకు తెల్వదని ఆమెనే చెప్పింది గద. నాకు తెలుసు."

సీసా ఇచ్చి తిన్నగా సత్తెమ్మ గడపకు పోయాడు. మనిషి ఓడినప్పుడు ఎట్లుంటుందో చూడాలనుకున్నాడు.

"ఏం పెద్దమ్మా, చేతగాక పంపినవట?"

సత్తెమ్మ తల ఎత్తలేదు. ఒక ఏడేళ్ల పిల్ల బొటనవేలు పట్టుకుని, దాని మీద చిన్న ఇత్తడి మడత అద్దం పెట్టి చూస్తోంది. గుడ్డలో అంగుళానికి ఎన్ని పోగులు పడ్డాయో లెక్కపెట్టే భూతద్దం అది.

"ఇటు రా కొడుకా. ఈ పిల్లది చూడు. వేలి గీతలు కనవడుతున్నయా?"

వంగి చూశాడు. వేలి ముద్ర గీతలు బారుగా వచ్చి, పులిపిరి అంచు దగ్గర టక్కున ఆగిపోయాయి. మధ్యలో గరుకు, అందులో నల్ల చుక్కలు. అవతల గీతలు మళ్లీ మొదలు.

"పోగులు తెగినయి గద. ఇది పులిపిరి. కడుత. ఇప్పుడు ఇంటికి పోయిన పసిదానికి గీతలు తెగలే. గుడ్డ కింద శనగ గింజ పెట్టినట్టు, సాగి పక్కలకు జరిగినయంతె. అది పైన మొలిచింది గాదు, లోపట్నుంచి లేసింది. లోపట ఏమున్నదో నాకెట్ల ఎరుక?"

"కోసిన డాక్టర్‌కు ఎరుక ఉండదా?"

"కోసిన ముక్క ఏం చేసిన్రని అడిగిన. పరీక్షకు పంపిన్రట. వీళ్లేమో పెండ్లికని ఊరికి పోయిన్రు. వచ్చినంక గాయం మానింది, ఇంకేం కాయితమని తెచ్చుకోలేదు. గది తెచ్చుకోమని చెప్పబోయిన. లక్ష్మీదేవి ఇననిస్తదా?"

గీతలు తెగడం గురించి స్వప్నిల్ చదివిన పుస్తకంలోనూ ఉంది. పరీక్షలో రాసి రెండు మార్కులు కూడా తెచ్చుకున్నాడు. ఒక్క వేలి మీద మాత్రం ఎప్పుడూ చూడలేదు. బడికి పోని మనిషి చూసింది.

వెంటనే పోయి సీసా వాపసు తేవాల్సింది. పోలేదు. ఆ రోజు పోలేదు, శనివారమూ పోలేదు. పోతే ఆమె గెలిచినట్టు. చెప్పుకుంటే సిగ్గుచేటే, కానీ నిజం అదే: పిల్ల వేలి కంటే ఆ గెలుపే అతనికి పెద్దగా కనిపించింది.

ఆదివారం ఇక కూర్చోలేక ఆర్తి వాళ్లు ఉండే వరస గదుల చాల్‌కు పోయాడు. శ్రద్ధ అతన్ని చూడగానే చెయ్యి వెనక దాచుకుని ఏడ్చింది. రెండు రాత్రుల మందుకు బుడిపె చుట్టూ తోలు తెల్లగా ఉబ్బి లేచింది. బుడిపె మాత్రం అట్లనే ఉంది.

"మందు ఆపు. నేను తప్పు చెప్పిన," అన్నాడు స్వప్నిల్. సుతిమెత్తగా చెప్పడం అతనికి రాదు.

"అబ్బో, తప్పు చెప్పిండట!" లక్ష్మీదేవి వంటింట్లోంచే లేచింది. "సీసా ఇచ్చేటప్పుడు నోరెట్ల వచ్చెరా? ఎవలూ వద్దు. మంగళారం మళ్ల కోయిస్తున్న. ఈసారి వేరుతోని తీయుమని చెప్పిన."

"కోయించు. ముందుగాల పోయినసారి కాయితం చూసి కోయించు. రేపు నేను వస్త."

"నీ ముఖం చూస్కుంట రావాల్నా?"

"తిట్టుకుంట రా."

నిజంగానే థానే దాకా తిట్టుకుంటూ వచ్చింది. దవాఖానలో ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి పంపారు. స్వప్నిల్ మూడు గంటలు నిలబడి, మరాఠీలో బతిమాలి, హిందీలో కొట్లాడి ఎనిమిది నెలల కిందటి కాగితం బయటికి తీయించాడు. చర్మం డాక్టరమ్మ కాగితం చదివింది. పిల్ల వేలిని వంచి చూసింది, చాపి చూసింది. ఆమె హిందీలో చెప్పింది అతను లక్ష్మీదేవికి తెలుగులో చెప్పాడు.

"క్యాన్సర్ గాదట. గిసొంటివి పసిపిల్లల వేళ్లకు, కాళ్ల వేళ్లకే వస్తయట. బొటనవేలికి మాత్రం వచ్చుడు చానా తక్కువట. కోస్తె మళ్ల లేస్తయట. ముట్టకుంటె రెండు మూడేండ్లల్ల చానా మందికి అవ్వంతటవే కరిగిపోతయట. మూడు నెలలకోసారి చూపించాలె. వేలు వంకర పోవట్టిందంటె అప్పుడు ఆలోచన చేస్తరట. రేపటి కోత వద్దంటున్నది."

లక్ష్మీదేవి మనవరాలి చేతిని కొంగులో చుట్టి పట్టుకుంది.

"మందు ఎవరు పూసిండ్రు?" డాక్టరమ్మ అడిగింది.

"నేనే ఇచ్చిన," అన్నాడు స్వప్నిల్. అంతకు ముందు దారం కట్టమంటే ఒకామె వద్దన్నదని ఆర్తి చెప్పింది.

"మంచిగైంది దారం కట్టలేదు. కట్టొద్దని చెప్పిందెవరు?"

"మా గల్లీల సత్తెమ్మ అవ్వ," అంది ఆర్తి.

"తెలివైన మనిషి," అంది డాక్టరమ్మ.

ఇక్కడ కూడా ఆమే! మూడు గంటలు కాళ్లు పీక్కుపోయింది ఎవరికి? స్వప్నిల్ కాగితాన్ని ఫోనులో ఫోటో తీసుకుని బయటికి నడిచాడు.

సాయంత్రం లక్ష్మీదేవి సత్తెమ్మ గడప మీద కూర్చుని గల్లీకంతా చెప్తోంది. సాంచాలు నడుస్తున్నాయి కాబట్టి షాపులోకి ఒక్క ముక్క వినపడలేదు. చేతులు తిప్పడం, ఆడవాళ్లు బుగ్గల మీద వేళ్లు పెట్టుకోవడం మాత్రం కనిపించింది. ఎవరూ షాపు దిక్కు చూపించలేదు. చూపిస్తే మందు సీసా సంగతీ వస్తుందని అతనికీ తెలుసు. అయినా మండింది.

మళ్లీ శుక్రవారం మధ్యాహ్నం, పిల్లలంతా పోయాక, సత్తెమ్మ షాపు ముందుకు వచ్చి నిలబడింది. ఏడాదిలో ఇదే మొదటిసారి.

"గా కాయితంల ఏం రాసిండ్రో నాకు గూడ చదివి చెప్పు కొడుకా."

స్వప్నిల్ ఫోను తీశాడు. అక్కర్లేకున్నా ఒక్కో ఇంగ్లీషు మాటను గట్టిగా పలికి, అర్థం చెప్పాడు. ఆమెకు తెలియనిది తన నోటి నుంచి వింటుంటే హాయిగా ఉంది. దాచుకోలేదు.

"ఎన్నేండ్లకు పోతదన్నది డాక్టరమ్మ?"

"రెండు, మూడు."

"అందరికా?"

"చానా మందికి."

సత్తెమ్మ గల్లా బల్ల అంచు పట్టుకుంది.

"బుచ్చిరాములు బిడ్డ పూనం ఎరుకేనా? పూర్ణ గోదాంల చీటీలు అంటిస్తది. దాని నడిమేలు వంకర చూసినవా? ఏడాదిన్నర పిల్లప్పుడు గిసొంటిదే లేసింది. నాకు అప్పుడు గీతలు చూసుడు తెల్వది. కట్టిన. మూడోనాటికి వేలు నల్లబడ్డది. రెండు నెలలు మానలేదు. మానినంక గట్లనే వంగిపోయింది. వాళ్లు నన్ను ఒక్క మాట అనలే. పిల్ల రాత అనుకున్నరు. అద్దం పెట్టుడు అప్పట్నుంచే."

స్వప్నిల్ ఫోను పక్కన పెట్టాడు. ఆమె ఏం అడగబోతోందో అర్థమైంది. దానికి జవాబు తను ఇప్పుడే చెప్పేశాడు.

"మూడు నెలలకు శ్రద్ధను తీస్కపోతవు గద. గా డాక్టరమ్మను ఒక్క మాట అడుగు. నేను దారం కట్టకపోయుంటె పూనం వేలు మంచిగ ఉండేదా అని అడుగు. నీ సొంతంగ ఏం చెప్పకు కొడుకా. ఆమె ఏమంటె గదే వచ్చి నాకు చెప్పు."